గడప మీద నీళ్లు

ప్రతి ఉదయం తొలికోడి కూసే వేళకి దోరా గారు వీధి తలుపు బార్లా తీసేవారు. సొరబుర్ర నిండా మంచినీళ్లు ముంచి తెచ్చి గడప మీద పెట్టేవారు. తలుపుకి అడ్డం లేకుండా ఓ పక్కకి ఒదిగి, ఎవరికో దారి ఇస్తున్నట్టు తల వంచి, "వచ్చినవాళ్లు ఎవరైనా సరే, దాహం తీర్చుకుని వెళ్లండి" అనేవారు. ఆ తర్వాత శిలువ గుర్తు వేసుకుని చీపురు అందుకునేవారు.

మా ఇల్లు సరిగ్గా ఎదురు. నేను జొన్నరొట్టెల పొయ్యి రాజేసుకుంటూ రోజూ చూసేదాన్ని. తెల్లవారేసరికి ఆ బుర్రలో నీళ్లు ఒక్కోసారి సగానికి దిగి ఉండేవి.

"పిల్లి తాగిపోతోంది మీ నీళ్లు" అన్నాను ఓసారి.

"పిల్లి తాగితే చుట్టూ చింది ఉండాలి కదే పిల్లా" అన్నారు దోరా గారు, ఊడుస్తూనే.

వంగి చూశాను. గడప పొడిగా ఉంది. ఆ తర్వాత నేను పిల్లి మాట ఎత్తలేదు.

తల్లిదండ్రులు పెట్టిన పేరు హెలియొదోరో. దోరా గారు అందులో ముందు సగం వదిలేసి, చివరి ‘ఓ’ తీసి ‘ఆ’ పెట్టుకున్నారు. "మార్చింది ఒక్క అక్షరం. అదీ తోకలో. దానికే మా నాన్న పోయేదాకా నాతో మాట్లాడలేదు" అని నవ్వేవారు. నవ్వాక గడప మీది బుర్ర వైపు ఓసారి చూసేవారు.

మగబిడ్డగా పుట్టి ఆడపిల్ల మనసుతో పెరిగినవాళ్లని మా వైపు ముషే అంటారు. ఇంట్లో ఒక ముషే ఉంటే తల్లి ముసలితనానికి దిగులుండదని మా అమ్మమ్మ అనేది. దోరా గారు వాళ్లమ్మని చివరి రోజు వరకూ పసిపిల్లలా చూసుకున్నారు. దోరా గారిని అతడనాలా, ఆమె అనాలా అని మా వీధిలో ఎవరూ తల బద్దలు కొట్టుకోలేదు. మా ఇళ్లల్లో మాట్లాడుకునే జపోతెక్ భాషలో రెండింటికీ ఒకటే మాట. బడిలో నేర్పే స్పానిష్‌తోనే తంటా. అందులో బల్ల కూడా ఆడదే, చెప్పు కూడా మగదే.

బడి నుంచి వచ్చిన మా చిన్నది అడిగింది. "దోరా, నిన్ను పిన్నీ అనాలా, బాబాయ్ అనాలా?"

"ఆకలేసినప్పుడు పిన్నీ అను. కొబ్బరిచెట్టు ఎక్కించాలనుకున్నప్పుడు బాబాయ్ అను. రెండు పన్లూ నేనే చేస్తాను" అన్నారు.

చేసేవారు కూడా. పగలు రవికల మీద పెద్ద పెద్ద పూలు కుట్టేవారు. వీధి చివరి గుడ్డి ముసలామెకి మధ్యాహ్నం రొయ్యల పులుసు పోసి రావడం, ఉత్తరపు గాలి విసురుగా వీచే నెలల్లో విధవల ఇళ్ల పైకప్పులు తాళ్లతో బిగించి రావడం ఎవరూ చెప్పకుండానే చేసేవారు. ఊళ్లో ఎవరైనా పోతే మాత్రం కబురు ముందు దోరా గారికే. చనిపోయినవాళ్లని పిలిచే పని తనది.

మా దగ్గర మనిషి పోతే, ఇంట్లో దేవుడి పటాల ముందు నేల మీద దేవగన్నేరు, బంతి, తులసి పరిచి మనిషంత పడక వేస్తాం. తొమ్మిది సాయంత్రాలు దాని పక్కన జపమాల చెబుతాం. ప్రార్థనకి ముందు ఒకరు గడపలో నిలబడి, బయటికి చూస్తూ, పోయిన మనిషిని పేరుపెట్టి పిలవాలి. ఆ మనిషి వచ్చి పూలపడక మీద సేద తీరుతుంది. పూల వాసనే దానికి భోజనం. అందుకే రెండో రోజుకల్లా పూలు వాడిపోతాయి. తొమ్మిదో సాయంత్రం పొద్దు మునగ్గానే ఆ వాడిన పూలు ఎత్తి శ్మశానంలో పోసి వస్తాం. పడక ఎత్తేశాక మరి పిలవకూడదు. రానివాళ్లు రానట్టే.

రొసలీనో మామా, అతని భార్య ఒబ్దూలియా అక్కా సముద్రపు నీళ్లు నిలిచే ఉప్పుకయ్య ఒడ్డున ఉంటారు. మామ చేపలు పట్టేవాడు. వాళ్ల బిడ్డ కూడా ముషేనే. జ్ఞానస్నానంలో పెట్టిన పేరు ఫిదెన్సియో. దోరా గారి అరుగు మీద కూర్చుని సూదిపని నేర్చుకుని, ఫిదెన్సియా అయింది. మామకి అది మింగుడు పడలేదు. ఊరి పండగనాడు ఆ బిడ్డ ఎర్రపూల రవిక, గంజిపెట్టిన కుచ్చుల లంగా కట్టుకుని ఇంటికొస్తే, పట్నం నుంచి వచ్చిన బావమరుదుల ముందు మామకి తల కొట్టేసినట్టయింది. గడపలో నిలబడి, "ఆ పేరుతో, ఆ బట్టతో నా గడప తొక్కకు" అన్నాడు.

తొక్కలేదు. ఆ రాత్రే బస్సెక్కి దూరపు పట్నం పోయింది. అక్కడ కుట్టుకొట్లో పనిచేసింది. కొన్నేళ్లకి విషజ్వరం వచ్చి అక్కడే పోయింది, అక్కడే మట్టిలో కలిసింది. తనతో పనిచేసిన ఒకామె బట్టల మూట తెచ్చి ఇచ్చిపోయింది. అదే ఎర్రపూల రవిక, అదే లంగా.

ఒబ్దూలియా అక్క ఆ మూట ఒళ్లో పెట్టుకుని దోరా గారితో ఒకే మాట అంది. "ఒక్కసారి ఇంట్లోకి వచ్చి నా చేతి నీళ్లు తాగి పొమ్మని చెప్పు, దోరా. దేవుణ్ణి ఇంకేం అడగను."

దోరా గారూ నేనూ కలిసి పూలపడక వేశాం. అక్క ఆ రవిక తెచ్చి పూల మీద పరవబోయింది. మామ చెయ్యి అడ్డం పెట్టాడు. పెట్టెలోంచి పాత మగచొక్కా తీసుకొచ్చి పరిచాడు. బిడ్డ ఇల్లు వదిలినప్పుడు గోడ మేకుకి వేలాడుతూ ఉండిపోయిన చొక్కా అది.

"మన శ్మశానంలో నిలపడానికి శిలువ చేయించి, దాని మీద ఫిదెన్సియో అనే చెక్కించాను. పిలవడం కూడా అలాగే పిలువు. దేవుడికి తెలిసిన పేరు అది" అన్నాడు.

"దేవుడికి మరీ ఒక్క పేరే గుర్తుంటుందంటావా, రొసలీనో?"

"ఒరే హెలియొదోరో, నాకు పాఠాలు చెప్పకు."

వాళ్లిద్దరూ చిన్నప్పుడు ఒకే పడవ మీంచి నీళ్లలోకి దూకినవాళ్లు. మామకి కోపమొస్తే ‘ఒరే హెలియొదోరో’, పనిబడితే ‘దోరా’. ఇల్లు మామది. దోరా గారు గడపలో నిలబడి, "ఫిదెన్సియో, ఇంటికి రా" అని పిలిచారు. మేం జపమాల మొదలుపెట్టాం. ప్రార్థన అంతా స్పానిష్‌లోనే. అందులో పోయినవాళ్లని ‘నీ దాసుడు’ అనాలి, లేదా ‘నీ దాసి’ అనాలి. మధ్యలో మాట లేదు. దాసుడనే అన్నాం.

మూడో సాయంత్రానికి కూడా పూలు వాడలేదు.

వాడకపోవడం అంటే అలా ఇలా కాదు. దేవగన్నేరు కొమ్మ మీద ఉన్నప్పుడెలా ఉందో అలాగే ఉంది. తుంచిన చోట పాలు కూడా ఆరలేదు. దానికితోడు ఇల్లంతా వాసన, ఊపిరాడనంత వాసన. ఎవరూ తినని అన్నంలా అది గదిలో పేరుకుపోయింది.

"పూలకి మందేమైనా కొట్టావేంటి దోరా? నా కూతురి పెళ్లికి కూడా ఇదే కొట్టు" అంది పక్కింటి కాందిదా. నవ్వుదామని చూసింది. ఎవరూ అందుకోకపోయేసరికి శిలువ గుర్తు వేసుకుంది.

మా ఊళ్లో గాలి ఆగదు. అవి ఉత్తరపు గాలి నెలలు, పిల్లల్ని పట్టుకు నడవాలి. అలాంటిది ఆ ఇంటి వాకిట్లో మాత్రం కొబ్బరాకు కదలడం మానేసింది. బయట వీధిలో ఇసక లేచిపోతుంటే, లోపల కొవ్వొత్తి మంటలు మేకులు కొట్టినట్టు నిటారుగా నిలబడేవి.

మర్నాడు పొద్దున్నే అక్క కేక వేస్తే పరిగెత్తాను. పూల మీద ఉండాల్సిన చొక్కా గడప దగ్గర ఉంది. చక్కగా మడతపెట్టి ఉంది. చేతులు వెనక్కి మడిచి, కాలర్ పైకి వచ్చేలా, బట్టలు కుట్టేవాళ్లు మడిచే మడత అది. దోరా గారు దాన్ని చేతిలోకి తీసుకుని మడతలు తడిమి చూశారు.

"ఈ మడత నేను నేర్పిందే" అన్నారు.

మామ అక్క మీద అరిచాడు. "నీ పనేగా ఇది?"

"నేను రాత్రంతా నీ పక్కనే ఉన్నాను. నా చెయ్యి నీ గుప్పెట్లోనే ఉంది, మరిచిపోయావా?"

మామ చొక్కా తీసుకెళ్లి మళ్లీ పూల మీద పరిచాడు. మర్నాడు మళ్లీ గడప దగ్గరే ఉంది, అదే మడతతో.

ఆ రోజు నేను వాకిట్లో ఇసక చూశాను. ఉప్పుకయ్య వైపు నుంచి తడి అడుగులు వచ్చాయి. చెప్పుల్లేని పాదాలు, పెద్దవి, కానీ పొట్టి అడుగులు. పొడుగు లంగా కట్టుకుని నడిచినట్టు ఒకదాని ముందు ఒకటి. గడప దాకా వచ్చి ఆగాయి. వచ్చిన అడుగులు ఉన్నాయి, వెళ్లిన అడుగులు లేవు. గడప ముందు ఒక్కచోట మట్టి మెత్తగా తడిసిపోయింది, ఎవరో అక్కడే నిలబడి నిలబడి ఉన్నట్టు. గడప లోపల అక్క పెట్టిన సొరబుర్రలో నీళ్లు అంచుదాకా అలాగే ఉన్నాయి. అంతకన్నా విడ్డూరం ఏమిటంటే, అందులో చీమ కూడా పడలేదు.

మనసులో మరియ తల్లిని తలుచుకుంటూ దోరా గారికి చూపించాను. తను వంగి, ఆ తడి ఎంత లోతుందో వేలితో గుచ్చి చూశారు.

"వచ్చిందే పిల్లా. మొదటి రోజే వచ్చింది. లోపలికే రావట్లేదు."

ఆ సాయంత్రం అక్క మామ కాళ్ల దగ్గర కూర్చుంది. ఎర్రపూల రవిక ఒళ్లో పరుచుకుని దాన్నే నిమురుతోంది. మామ కాసేపు చూసి, "మీ ఇష్టం, ఏ పేరు పెట్టి పిలుచుకుంటారో పిలుచుకోండి. నేను మాత్రం వినను" అని పెరట్లోకి వెళ్లి మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. అక్క చొక్కా తీసేసి, పూల మీద ఎర్రపూల రవిక, లంగా పరిచింది.

దోరా గారు గడపలో నిలబడి పిలిచారు. "ఫిదెన్సియా, ఇంటికి రా."

మేమందరం విన్నాం. గంజిపెట్టిన కుచ్చులు నేలకి రాసుకునే చప్పుడు. వీధి మలుపు దగ్గర మొదలైంది. తొందరగా వచ్చింది, చిన్నపిల్ల పరుగులా. గడప దాకా వచ్చి ఠక్కున ఆగింది. కాందిదా నా మోచెయ్యి పట్టుకుంది. బుర్రలో నీళ్లు సన్నగా వణికాయి. గడప అవతల ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నారు, ఆ ఊపిరి మాకు తెలుస్తోంది, మనిషి మాత్రం లేరు. ప్రార్థన అయ్యేదాకా అలాగే ఉంది. పూలు వాడలేదు.

అందరూ వెళ్లాక, నేనింకా గిన్నెలు సర్దుతుండగా, దోరా గారు పెరట్లోకి వెళ్లి మామ పక్కన నిలబడ్డారు.

"ఇంక నావల్ల కాదు, రొసలీనో. పిలుపు నాది. వద్దన్న మాట నీది. ఆ మాట ఇంకా గడప మీదే పడి ఉంది. నా బిడ్డ నా మాట వినలేదు అని ఊరంతా చెప్పుకున్నావు కదా? చూడు, చచ్చాక కూడా వింటోంది."

మామ మెడ నరాలు లేచాయి. "నా నోటికి ఆ పేరు రాదు దోరా. ఎంత ప్రయత్నించినా రాదు. నాలుక్కి అడ్డం పడుతుంది."

"దేవుడి తోడు, నేను పేరు అడగట్లేదు. ఆ బిడ్డ చిన్నప్పుడు, నువ్వు వల లాగి వచ్చేసరికి గుమ్మంలో ఎదురుచూసేది. అప్పుడేమని పిలిచేవాడివి?"

"అప్పుడా..." మామ నీళ్ల వైపు చూశాడు. "అప్పుడేముంది. బిడ్డా అనేవాణ్ణి. మనందరం పిలిచేదేగా."

"ఆ మాటలో కొడుకున్నాడా, కూతురుందా?"

మామ కంచె మీద ఆరేసిన వల సర్దడం మొదలుపెట్టాడు.

మా ఇంటి భాషలో ఆ మాటకి కొడుకూ లేడు, కూతురూ లేదు. కడుపున పుట్టిన ప్రాణం అని మాత్రమే ఉంది. గుడి ప్రార్థన స్పానిష్‌లో చెప్పీ చెప్పీ, పోయినవాళ్లని పిలవాలంటే ఆ భాషలోనే పిలవాలని మాకు అలవాటైపోయింది. దాసుడా, దాసియా అని మేం తగువు పడుతుంటే, ఎవరినీ ఏమీ అడగని మాట మా నోళ్లలోనే పడి ఉంది. పొయ్యి దగ్గరా, ఊయల దగ్గరా వాడతాం కానీ, పూలపడక దగ్గర వాడొచ్చని ఎవరికీ తోచలేదు.

అయినా మామ ఊఁ అనలేదు. ఎనిమిదో సాయంత్రం కూడా అలాగే గడిచింది. కుచ్చుల చప్పుడు వచ్చింది, ఆగింది. ఈసారి చప్పుడులో తొందర లేదు. అలిసిపోయిన నడక. అక్క గడప దగ్గరే కొంగు పరుచుకుని పడుకుంది, నిద్రలో చెయ్యి గడప అవతలకి చాపి.

తొమ్మిదో సాయంత్రం వచ్చింది. పొద్దు ఉప్పుకయ్యలోకి వాలుతోంది. పూలు ఎత్తడానికి కొత్త చేటలు తెచ్చి పెట్టాం. పూలు నవనవలాడుతున్నాయి. నవనవలాడే పూలని శ్మశానానికి ఎలా మోస్తాం? అది బతికున్నవాళ్లని పాతిపెట్టడమే కదా. అక్క ఏడవడం కూడా మానేసి, బుర్రలో నీళ్లు పారబోసి కొత్త నీళ్లు పోసింది. దోరా గారు పిలవడానికి లేచారు.

"ఆగు" అన్నాడు మామ.

వచ్చి గడపలో నిలబడ్డాడు. చెప్పులు విడిచాడు, టోపీ తీశాడు. కుచ్చుల చప్పుడు అప్పటికే వచ్చి ఆగిపోయింది. మామకీ దానికీ మధ్య ఓ మూర ఖాళీ, అంతే. మామ గొంతు వాళ్ల నాన్న గొంతులా, ముసలిగా వచ్చింది. మా భాషలో అన్నాడు.

"ఇక్కడ నిలబడే నేనో మాట అన్నాను. అది నేనే తీసేసుకుంటున్నాను. లోపలికి రా, బిడ్డా. మీ అమ్మ నీళ్లు పెట్టింది."

అని, ఓ పక్కకి ఒదిగి, తల వంచి దారి ఇచ్చాడు. దోరా గారు ప్రతి ఉదయం ఒదిగినట్టే.

ముందు గాలి వచ్చింది. తొమ్మిది రోజుల గాలి ఒక్కసారిగా లోపలికి వచ్చినట్టు కొవ్వొత్తి మంటలన్నీ పడక వైపు వంగాయి. ఆరలేదు. మామ చొక్కా అంచు లేచి పడింది. ఆ వెనకే పూలు వాడడం మా కళ్లతో చూశాం. పాదాల వైపు మొదలైంది. మోకాళ్లు, నడుము, భుజాలు. ఎవరో అలిసిపోయి నెమ్మదిగా ఒళ్లు వాల్చుతున్నట్టు, వరసగా పూలు నల్లబడి నేలకి అంటుకున్నాయి. రవికకి పైన, తల ఉండాల్సిన చోట పూలలో చిన్న గుంట పడింది. గదిలో వాసన మొత్తం పోయింది. కడిగిన గిన్నెలా ఉంది ఇల్లు.

అక్క బుర్ర చేతిలోకి తీసుకుంది. తిరగేసింది. ఒక్క చుక్క రాలేదు. గడప పొడిగా ఉంది.

మామ ఇంకా అక్కడే నిలబడి కుడిచెయ్యి చూసుకుంటున్నాడు. "తగిలింది" అన్నాడు. "పోతూ పోతూ చేత్తో తాకింది. చల్లగా ఉంది దోరా. వేళ్ల మీద సూదిపోట్ల గరుకు కూడా తెలిసింది."

జపమాల చెప్పుకున్నాం. దాసుడు, దాసి అనే చోట అందరం కూడబలుక్కున్నట్టు ‘నీ బిడ్డ’ అన్నాం. పరలోకంలో ఉన్న తండ్రికి అది కొత్త మాట అయ్యుండదు. పూలు చేటల్లోకి ఎత్తి శ్మశానంలో పోసి వచ్చాం. దారిలో మామ దోరా గారి చేట కూడా తనే మోశాడు.

మర్నాడు తొలికోడి వేళ నేను పొయ్యి రాజేస్తున్నాను. దోరా గారు తలుపు తీసి సొరబుర్ర పెట్టేసరికి, మామ వీధిలో నిలబడి ఉన్నాడు. చేతిలో ఆకులో చుట్టిన చేప ఉంది. దోరా గారు పక్కకి ఒదిగి తన మాట తను చెప్పుకునేదాకా ఆగాడు.

"ఈ నీళ్లు మీ నాన్న కోసమా?" అన్నాడు.

"ఆయన కోసమనే మొదలుపెట్టాను. ఆయన ముట్టలేదు. ఆయన కూడా ఓ మాట అన్నాడు, ఇదే గడప మీద. తీసేసుకోకుండానే పోయాడు."

"మరి తాగేదెవరు?"

"ఏమో. గడపల దగ్గర ఆగిపోయినవాళ్లు చాలామందే ఉన్నట్టున్నారు, రొసలీనో."

మామ గడప నుంచి రెండడుగులు వెనక్కి వేశాడు. అప్పటికే బుర్రలో నీళ్లు సగానికి దిగాయి. ఇద్దరూ దాన్ని చూశారు.

"నాకో సాయం చేస్తావా?" అన్నారు దోరా గారు.

"చెప్పు."

"నా వంతు వచ్చినప్పుడు ప్రార్థన ఎవరో ఒకరు చెబుతారులే. ఎదురింటి పిల్లకి అంతా నోటికొచ్చు. కానీ గడపలో నిలబడి పిలవడం మాత్రం నువ్వు పిలువు. పేరొద్దు. నిన్న పిలిచావే, ఆ మాటతో పిలువు. నన్ను అలా పిలిచేవాళ్లు ఇంకెవరూ మిగల్లేదు."

"నీకంటే నేను చిన్నవాణ్ణి కదా. నిన్ను బిడ్డా అంటే ఊరు నవ్వదూ?"

"నవ్వనీ. నువ్వు మాత్రం పిలిచాక గుమ్మానికి అడ్డంగా నిలబడకు. కాస్త పక్కకి జరుగు."